శుభ్రం చేసిన గొంతు

మా లైబ్రరీలో చూపులేని వాళ్ల కోసం చదివి రికార్డ్ చేసిన క్యాసెట్లు నూట పన్నెండు ఉన్నాయి. కాదు, ఉండేవి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి ఆన్‌లైన్‌లో పెట్టే పని నాది. పట్టుబట్టి మరీ తెచ్చుకున్నా! కొత్త సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికింది, అబ్బ, అదేం చేస్తుందంటే పుస్తకం పక్కన పెట్టుకుని వింటుంది, పుస్తకంలో లేనిదేది వినపడినా కత్తిరించేస్తుంది. దగ్గు, గొంతు సవరింపు, కుక్క అరుపు, అన్నీ! క్యాసెట్లు వినే గది మూడు వారాలు మూసేసి రికార్డింగులన్నీ అద్దంలా చేసిపెట్టా. క్యాసెట్లకి బూజు, కత్తిరించకముందు ఎక్కించిన ఫైళ్లేమో కంప్యూటర్లో చోటు తినేస్తున్నాయి. రెండూ తీసేయించా.

"తొందరెందుకే తల్లీ, ఓ నెల ఉంచు," అన్నారు పెద్ద మేడమ్.

"చెత్త కూడా దాచుకుంటామా మేడమ్?" అన్నా. నవ్వా కూడా.

సోమవారం గది తెరవగానే తాతగారొచ్చారు. ఆయనకి చూపు పోయాక భార్యే వంటింట్లో కూర్చుని నవలలు చదివి రికార్డ్ చేసేవారట, ఇంకెవరికైనా పనికొస్తాయని తర్వాత మాకిచ్చేసేవారట. పోయినేడు ఆవిడ పోయారు. అప్పట్నుంచీ ఈయన ప్రతి సోమవారం వచ్చి ఒకే నవల, అందులో ఏడో అధ్యాయం వినిపోతారు.

"ఏం పిల్లా, మా ఆవిడ క్యాసెట్‌కి తలంటు పోశావటగా?"

"వినండి తాతగారూ, ఒక్క దగ్గు కూడా లేదు!"

"దగ్గకపోతే అది మా ఆవిడెలా అవుతుందే?" అని నవ్వి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నారు.

కాసేపటికి మెడ కొంచెం ముందుకి సాచారు, ఎవరో పిలవబోతున్నట్టు. ఆగారు. నవ్వు పోయింది.

"వెనక్కి తిప్పమ్మా."

తిప్పా. మళ్లీ తిప్పమన్నారు. మూడోసారి కూడా.

"'వాన మొదలైంది' అన్నాక ఆగుతుంది. 'ఏవండీ, పాలు పొంగుతున్నాయి, స్టవ్ కట్టెయ్యండి' అంటుంది. నన్ను పిలిచింది ఆ ఒక్కచోటేనమ్మా. మిగతాదంతా పుస్తకం."

ఫోల్డర్లన్నీ వెతికా, చెరిపేసినవీ వెతికా, క్యాసెట్లు తీసుకెళ్లినతనికి ఫోన్ చేశా. "ఆ రోజే ముక్కలు చేసేశారు కదమ్మా," అన్నాడు.

"నేనే తీసేశా తాతగారూ," అన్నా. "పుస్తకంలో లేదని..."

తిడతారనుకున్నా. తిట్టినా బాగుండేది. ఆయన చేతికర్రని ఒళ్లో పెట్టుకుని దాని మీద వేళ్లు అటూ ఇటూ రాస్తూ కూర్చున్నారు.

"నిజమే. పుస్తకంలో లేదుగా," అన్నారు. "ఇంకోసారి పెట్టు. నేను చెయ్యెత్తగానే ఆపు."

పెట్టా. 'వాన మొదలైంది' అనగానే చెయ్యెత్తారు. ఆపా. గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏం లేదు.

"ఆఁ, కట్టేశా," అన్నారు మెల్లగా, పక్కగదిలోకి చెప్తున్నట్టు.

ఇంకాస్త ఆగి, చెయ్యి దించి, "ఇంక ఆవిణ్ణి చదవనివ్వమ్మా," అన్నారు.