తీగవేరు మందు

అక్క మెదడులో గడ్డ ఉందని తెలిసేనాటికి, పిచ్చుక అలాంటి గడ్డల మీదే ఏళ్ల తరబడి పనిచేస్తోంది. పిచ్చుక అన్నది అక్క పెట్టిన ముద్దుపేరు. ప్రయోగశాలలో ఆ పేరు ఎవరికీ తెలియదు. అక్కడ ఆమె ఒక అడవితీగ వేరు నుంచి పసుపుపచ్చని పొడి తీసి, గాజు పళ్లాల్లో పెంచిన గడ్డ కణాల మీద వేసి చూసేది. మర్నాటికి కణాలు ముడుచుకుపోయి, పళ్లెం అడుగు వదిలేసి తేలేవి. అది మొదటిసారి చూసిన రోజు పట్టరాని సంతోషంతో ఫోన్ చేసింది అక్కకే.

అమ్మ పోయాక పెంచింది అక్కే. ఒంటరిగా ఉండిపోయిన పిచ్చుకకు, పని ముగిశాక మాట్లాడటానికి ఉన్నది ఆ ఒక్క మనిషే.

ఆపరేషన్ అయింది, రేడియేషన్ అయింది. గడ్డ మళ్లీ పెరిగింది. అక్కకు మాటలు ఒక్కొక్కటే జారిపోసాగాయి. చెంచా కావాలంటే "అదే... తినేది" అని, తనే నవ్వేది.

ఒక సాయంత్రం బావ పిచ్చుకను ఆసుపత్రి వరండాలోకి పిలిచాడు.

"నీ దగ్గరుందిగా ఆ మందు. కాస్త తెచ్చివ్వు. ఎవరికీ చెప్పను."

అది ఇంకా మందు కాలేదని పిచ్చుక చెప్పింది. పళ్లెంలో కణాలను చంపేవి బోలెడున్నాయని, ఇది మెదడు దాకా చేరుతుందో లేదో, కాలేయాన్ని ఏం చేస్తుందో ఎవరికీ తెలియదని, ఎలుకకు కూడా ఇవ్వనిది అక్కకెలా ఇవ్వనని అంది. బావ అంతా విన్నాడు.

"సొంత అక్క కన్నా నీకు రూల్సే ఎక్కువయ్యాయి," అని లోపలికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆమెతో మాట్లాడటం మానేశాడు.

అక్క కళ్లలోకి చూడాలంటే పిచ్చుకకు భయమేసింది. చివరికి అక్కే, మాటల కోసం చాలాసేపు తడుముకుని, "నువ్వు... ఇవ్వవులే. తెలుసు. కూర్చో," అంది. పిచ్చుక సెలవు పెట్టి మంచం పక్కనే కూర్చుంది. వానలు మొదలవకముందే అక్క పోయింది.

మళ్లీ పనిలో చేరాక తోటివాళ్లు పరామర్శించి, ఎవరి బల్లల దగ్గరికి వాళ్లు వెళ్లిపోయారు. పిచ్చుక కిటికీ దగ్గర ఒక్కతే కూర్చుని తినేది. బావ మాటే నిజమేమోనన్న అనుమానం ఆమెను లోలోపల తొలిచేసేది.

కొన్నాళ్లకు, మెదడులో గడ్డలున్న ఎలుకల మీద ప్రయోగం పూర్తయింది. పొడి వాటి రక్తంలో ఉంది, కాలేయంలో ఉంది. మెదడులో జాడే లేదు. మెదడు రక్తనాళాల గోడ దాన్ని లోపలికి రానివ్వలేదు. గడ్డలు పెరుగుతూనే పోయాయి. మీటింగులో అందరి మొహాలూ వాడిపోయాయి. ఇన్నేళ్ల శ్రమా నీళ్లపాలైందన్నారు పెద్ద సైంటిస్టు. పిచ్చుకకు మాత్రం గుండె మీంచి బరువు దిగింది. వెంటనే సిగ్గేసింది. ఎందరో రోగుల ఆశ పోయిన రోజున తను తేలికపడటమేమిటి? ఆ సంగతి ఆ గదిలో ఎవరితో చెప్పుకోగలదు?

తిన్నగా బావ ఇంటికి వెళ్లింది. తలుపు తీసిన బావ మాట్లాడకుండానే కుర్చీ చూపించాడు. ఆమె జరిగిందంతా చెప్పింది.

"అంటే, నువ్విచ్చినా బతికేది కాదు," అన్నాడు బావ.

"కాదు బావా."

ఆయన ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు.

"ఇన్నాళ్లూ నిన్ను తిట్టుకుంటూ గడిపేశాను. ఇప్పుడెవర్ని తిట్టుకోను?"

"నన్నే తిట్టుకో. అలవాటైపోయిందిగా."

బావ నవ్వబోయి ఆగిపోయాడు. లేచి టీ పెట్టాడు. ఇకముందు ఏం చేస్తావని అడిగాడు. మెదడులోకి చేరేలా ఆ పదార్థాన్ని మార్చి చూస్తామని, ఏళ్లు పడుతుందని, అప్పటికీ కుదరకపోవచ్చని చెప్పింది.

"అప్పుడప్పుడు వచ్చి చెప్తుండు," అన్నాడు బావ. "నాకర్థం కాదు. అయినా చెప్పు."

ఆమె వెళ్తూనే ఉంది. అక్కయితే అడుగడుగునా అడ్డొచ్చి ప్రశ్నలు వేసేది. బావ ఏమీ అడగడు. సగంలోనే కుర్చీలో కునికిపాట్లు పడతాడు. పిచ్చుక గొంతు తగ్గించి, మిగతాది చివరిదాకా చెప్పి, తలుపు దగ్గరగా వేసి వెళ్తుంది.