కూర్చునే చోటు

నూట అరవై అడుగులు నడిచి, కరెంటు స్తంభం పట్టుకుని ఆగిపోయింది కాజాల పెద్దమ్మ. ఇక్కడ తాళాల దుకాణం మెట్టు ఉండాలి. నలభై ఏళ్ళుగా చొక్కాలకు చేత్తో కాజాలు కుడుతున్న మనిషి. టైలరు దుకాణానికి దారి ఆమెకు కూర్చునే చోట్లతోనే గుర్తు. ముందు ఈ మెట్టు, తర్వాత మంగలి దుకాణం అరుగు, ఆ పైన పనే. రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు నిన్న రెండింటినీ పగలగొట్టి పోయారు. కార్లు హాయిగా దూసుకుపోతున్నాయి. వాటికి మోకాళ్ళు లేవు కదా!

"ఇంక ఇంట్లోనే కుట్టండి అత్తయ్యా, గుడ్డలు నేను తెచ్చిపెడతా," అంది పొద్దున కోడలు. మంచి పిల్లే. కానీ ఇంట్లో ఏముంది? మంచం, గోడ, మళ్ళీ మంచం. ఒక్కరోజు తను నడక మానితే కాళ్ళు శాశ్వతంగా మానుకుంటాయి. పెద్దమ్మ భయమంతా అదే. చావంటే అంత భయం లేదు.

గోడ పట్టుకుని కదిలింది. నొప్పి ఒక హద్దు దాటాక వీధి మెత్తబడింది. దుకాణాలు, స్కూటర్లు, మనుషులు నీళ్ళ అడుగున కదులుతున్నట్టున్నారు. తను నడవడం లేదు. కాజా అంచు చుట్టూ కుట్టు మీద కుట్టులా వీధే తనను లాక్కుపోతోంది. కాళ్ళు పద్దెనిమిదేళ్ళవి. ఎక్కడా బరువు లేదు.

"పెద్దమ్మా, పడిపోతావే!" పంక్చర్ల అతను పరుగెత్తుకొచ్చి భుజం పట్టుకున్నాడు. "బండెక్కు, దింపేస్తా."

"నువ్వు దింపితే నేను నడిచినట్టా? ఆ పంపుతో ఈ మోకాళ్ళకి కాస్త గాలి కొట్టరాదూ!"

"పంక్చరెక్కడో చూపించు మరి." నవ్వుతూనే పాత టైర్లు రెండు దొంతరలుగా పేర్చి, పైన అడ్డంగా ఒక చెక్క పలక వేశాడు. ఆమె కూలబడింది. వీధి మళ్ళీ వీధి అయింది.

వెనకే చేతికర్ర మీద రొప్పుతూ వచ్చాడు రిటైరైన బస్సు కండక్టరు. ఆ మెట్టు పోయాక అతనికీ దిక్కు లేదు.

"అక్కయ్యా, కాస్త ముందుకు జరుగు. ఇంకొకరికి చోటుంది."

"టిక్కెట్టు కొన్న సీటయ్యా ఇది," అంటూనే జరిగింది.

దుకాణానికి చేరింది. తన కాళ్ళ మీదే. టైలరు గడియారం వంక చూసి, చొక్కాల కట్ట ఆమె ముందుకు తోశాడు. సాయంత్రానికి ఆరు చొక్కాలు అయ్యాయి.

"రేపొస్తావా పెద్దమ్మా?"

"నడిచొస్తా."

తిరుగుదారిలో మళ్ళీ ఆ పలక మీద కూర్చుంది. ఎండ పసుపుపచ్చగా వాలింది. కళ్ళు మూసుకుంది. కాసేపటికి కండక్టరు వచ్చాడు. నిద్రపట్టింది పాపం అనుకుని, పలక కదలకుండా ఆ చివర మెల్లగా కూర్చున్నాడు. పంక్చర్ల అతను ఒక సైకిలు బాగుచేశాడు, తర్వాత ఒక స్కూటరు. కండక్టరుకు కాలు తిమ్మిరెక్కింది. అయినా కదల్లేదు. ఎండ గోడల మీదికి ఎక్కిపోయాక, "అక్కయ్యా, చీకటి పడుతోంది," అని చెయ్యి తాకాడు. చల్లగా ఉంది.

కోడలు ఏడుస్తూ వచ్చింది. తీసుకెళ్ళారు.

మర్నాడు రోడ్డువాళ్ళు వచ్చి టైర్లు తీసెయ్యమన్నారు. "ముసలివాళ్ళు మీ నెత్తి మీద కూర్చోవాలా? తీసి చూడండి," అన్నాడు పంక్చర్ల అతను, పానా పట్టుకుని. ఎవరూ ముట్టుకోలేదు.

కండక్టరు రోజూ వస్తాడు. పలకకు ఒక చివరే కూర్చుంటాడు. రెండో చివర, ఎవరూ కూర్చోని చోట, చెక్క ఎండకు వెచ్చబడుతూ ఉంటుంది.