ఎనిమిదో మలుపు కెమెరా

పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి, గిన్నె మీద ఒక చూపు ఉంచి, చూపులక్క తల దువ్వుకోవడానికి వెళ్ళిపోతుంది. పాలు పొంగవు. ఆ చూపు బరువుకి అణిగిమణిగి, లోపల్లోపలే గొణుక్కుంటూ కాగుతాయి. వాళ్ళింటి ఆడవాళ్ళ చూపుకి బరువుండటం అమ్మమ్మ నాటి నుంచీ ఉన్నదే. ఆవిడుంటున్న భవనంలోని వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఊరెళ్ళేవాళ్ళ పెట్టె మూత పడకపోతే "అక్కా, కాస్త ఇటు చూసిపో" అని కేకేస్తారు. కింద అంతస్తులో చెప్పులు బాగుచేసే ఆయన అట్టకి జిగురు రాసి, "అతుక్కునేదాకా చూస్తుండమ్మా, నీకు పుణ్యముంటుంది" అంటాడు. చంటిపిల్లల్ని మాత్రం ఆవిడ ఓరకంటితోనే చూస్తుంది. ఎందుకొచ్చిన గొడవ చెప్పండి.

ఉద్యోగం కూడా చూపుతోనే. కార్ల రేసుల ఆట తయారుచేసే ఆఫీసులో కెమెరాలు పెడుతుంది. ఆటలో కారు దూసుకుపోతుంటే, టీవీలో వచ్చినట్టు ట్రాకు పక్క నుంచి బొమ్మ కనపడుతుంది కదా, ఆ కెమెరాలన్నమాట. ఏది ఎక్కడ నిలబడాలి, ఎంత ఎత్తున ఉండాలి, బొమ్మని ఎంత దగ్గరికి లాగాలి అన్నీ ఆవిడే కంప్యూటర్లో కూర్చుతుంది. కారు ఎక్కడికి రాగానే కెమెరా అందుకోవాలో దాన్ని ఇన్ అంటారు. ఎక్కడ వదిలెయ్యాలో దాన్ని ఔట్ అంటారు. ఒకటి వదిలిన చోట ఇంకొకటి అందుకుంటుంది.

ఆవిడ పెట్టిన కెమెరాల్లో ఆవిడ చూపు కొంత ఉండిపోతుంది. ఇన్ దగ్గర ఆడేవాడి భుజాల మీద వాలుతుంది, ఔట్ దగ్గర లేచిపోతుంది. ఆటని పరీక్షించేవాళ్ళు "అక్కా, ఐదో కెమెరా కాస్త బరువుగా ఉంది" అంటే, దాన్ని రెండడుగులు వెనక్కి జరిపి, బొమ్మ కొంచెం దూరం చేస్తుంది. సరిపోతుంది. దానికి ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోరు. ఆఫీసన్నాక ఒక్కో మనిషి పనితనం ఒక్కోలా ఉంటుంది మరి.

అలాంటి ఆఫీసులో ఒకరోజు మేనేజరు ఆవిడ బల్ల దగ్గరికొచ్చి, గొంతు సవరించుకుని, కుర్చీ లాక్కుని, మళ్ళీ కూర్చోకుండా నిలబడ్డాడు.

"అక్కా, కొండ ట్రాకు మన ఆటలోకి వస్తోంది. మొదటి చుట్టు మెరుపు చేత కొట్టిస్తున్నాం, అతిథులందరి ముందూ. మీకు ఇబ్బందనిపిస్తే కెమెరాల పని ఇంకెవరికైనా ఇస్తాను."

"ఇబ్బందెందుకండీ, పనే కదా" అంది చూపులక్క.

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ చూస్తున్న పెన్ను బల్లలోకి దిగబడింది. మేనేజరు అది చూసి, కుర్చీ మళ్ళీ దాని చోట పెట్టి వెళ్ళిపోయాడు.

మెరుపు అనేది పత్రికలవాళ్ళు పెట్టిన పేరు. అంత వేగంగా నడుపుతాడని. చూపులక్క భర్త అదే కొండ ట్రాకు పక్కన నిలబడి రేసులు చిత్రీకరించేవాడు. ఎనిమిదో మలుపు ఆయనది. ముందు కారు మీద పంతం పట్టిన మెరుపు ఆ మలుపులో తన దారి వదిలేశాడు. ట్రాకు పక్కన పరిచిన కంకర దాటి, అడ్డంగా పేర్చిన టైర్ల గోడ ఎక్కి, ఆయన్నీ కెమెరానీ కలిపి ఈడ్చుకుపోయాడు. ఆయన ఎడమకాలు మోకాలి దాకా పోయింది. ఆ మలుపుకున్న ఒకే ఒక్క కెమెరా ఆయనదే, అదీ నుజ్జయింది. జెండా ఊపేవాడు సరిగ్గా అప్పుడే అటు తిరిగి ఉన్నాడట!

ఆ తర్వాత కమిటీ కూర్చుంది. మెరుపు కళ్ళు తుడుచుకుంటూ చెప్పాడు, "ఆయన ట్రాకు అంచున ఉన్న తెల్లగీత దాటి ముందుకొచ్చి నిలబడ్డాడండీ. తప్పించబోయి నా బండి అదుపు తప్పింది." కమిటీ పెద్దలు టీ తాగారు, తలలూపారు. గీత దాటే మనిషికి ఇకమీదట ట్రాకు పక్కన చోటు లేదని తేల్చేసి చేతులు దులుపుకున్నారు.

కొత్త కాలు వచ్చింది. దాంతో నిలబడటం, నడవడం, కెమెరా ఎత్తడం అన్నీ నేర్చుకున్నాడాయన. కానీ ఎవరు పిలుస్తారు? కాలు పోయినందుకు ఆయన పెద్దగా ఏడవలేదు, గీత దాటాడన్న మాట మాత్రం మనిషిని తినేసింది. భార్యగా చూపులక్కకి కావలసింది ఒక్కటే. ఆ మాట అన్న నోటితోనే ఆ మాట తీయించాలి. తన మొగుణ్ణి మళ్ళీ ఆ మలుపులో నిలబెట్టాలి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా అడిగింది.

"ఏవండీ, మీరు సరిగ్గా ఎక్కడ నిలబడ్డారు?"

"చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది కదే! టైర్ల గోడ వెనక, జెండావాడి గుడిసె పక్కన, కంచెకి వీపు ఆనించి. తెల్లగీత నాకు ఎక్కడో దూరాన ఉంది. ఇప్పుడెందుకు?"

"కెమెరా పెట్టాలి."

"నీ మొహం చూస్తే కెమెరా పెట్టే మొహంలా లేదే."

"మొహానికేమైంది? మీరు టీ తాగండి, చల్లారిపోతుంది" అంది.

మిగతా కెమెరాలన్నీ బుద్ధిగా, తేలిగ్గా పెట్టింది చూపులక్క. ఎనిమిదోదాన్ని మాత్రం భర్త నిలబడ్డ చోటే, ఆయన భుజం ఎత్తులో నిలబెట్టింది. బొమ్మని ఎంత దగ్గరికి లాగొచ్చో అంత దగ్గరికీ లాగింది. మలుపు మొదలయ్యే చోట ఇన్ పెట్టింది. ఔట్ గడి ఖాళీగా వదిలేసింది. కంప్యూటర్ ఎర్రగీత చూపించి అది తప్పని మొత్తుకుంది. "నువ్వూరుకో" అని దాన్ని పక్కకి తోసేసింది. ఆ తర్వాత చేతులు కట్టుకుని ఆ తెర వైపు చూస్తూ కూర్చుంది. ఆసుపత్రి వరండాలో కూర్చున్న రోజులు, కమిటీ గది తలుపు మొహం మీద వేసిన రోజు, ఆయన గోడవైపు తిరిగి పడుకున్న రోజులు అన్నీ కూడదీసుకుని చూసింది. బల్ల కాళ్ళు కిర్రుమన్నాయి. పక్క సీటు అమ్మాయి తన కాఫీ కప్పు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

మొదటి చుట్టు కొట్టే రోజు రానే వచ్చింది. హాలు నిండా జనం. కమిటీ పెద్దలు ముందు వరసలో కూర్చున్నారు. మేనేజరు ఊరికే ఉంటాడా, "ఒకసారి నేను తిప్పి చూస్తాను, అంతా సరిగ్గా ఉందో లేదో" అని ఆట కుర్చీ ఎక్కబోయాడు.

చూపులక్క పరిగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకుంది. "మీరొద్దు బాబూ. ఇద్దరు పిల్లలున్నవాళ్ళు. దిగండి."

మేనేజరు ఆవిడ మొహం చూశాడు. నిదానంగా దిగి, చొక్కా సరిచేసుకుని, వెళ్ళి అందరికీ మంచినీళ్ళు అందించడం మొదలుపెట్టాడు. ఆయన తెలివైనవాడే.

మెరుపు వచ్చాడు. అందరికీ చేతులూపాడు. చూపులక్కని గుర్తుపట్టి దగ్గరికొచ్చి, జాలి మొహం పెట్టాడు.

"ఆయనెలా ఉన్నారమ్మా? పాపం, మంచి మనిషి. ఆరోజు ఆ గీత దాటకుండా ఉండాల్సింది."

ఒళ్ళు భగ్గుమంది ఆవిడకి. అప్పటిదాకా మనసులో ఏ మూలో కాస్త సందేహం ఉండిందేమో, అది కూడా పోయింది. "బాగానే ఉన్నారు. మీరు కూర్చోండి" అంది.

కూర్చున్నాడు, స్టీరింగు పట్టాడు. పెద్ద తెర మీద కారు ఒక్కో మలుపే మింగుకుంటూ పోయింది. జనం ఈలలు వేశారు. ఎనిమిదో మలుపు రాగానే బొమ్మ మారింది. గోడ వెనక నుంచి, మనిషి భుజం ఎత్తు నుంచి చూస్తున్నట్టు, కారు పెద్దదై తెర నిండా నిలిచింది. మెరుపు భుజాలు ఒక్కసారి కిందికి కుంగాయి. కాలితో ఎంత తొక్కినా కారు బరువుగా ఈడ్చుకుంటూ కదిలింది. తొమ్మిదో కెమెరా అందుకోనేలేదు, ఎనిమిదోది వదిలితే కదా! మిగతా చుట్టంతా ఆ ఒక్క కెమెరాయే తల తిప్పి తిప్పి మెరుపునే చూసింది. జనం మర్యాదకి చప్పట్లు కొట్టారు. మెరుపు కుర్చీలోంచి లేవలేకపోయాడు. నలుగురు పట్టి లేపాల్సి వచ్చింది.

ఏం జరిగిందని ఒక్కరూ అడగలేదు. ముందు వరసలో కమిటీ పెద్దలు మాత్రం తమ చెప్పుల వైపు చూసుకుంటూ కూర్చున్నారు.

ఆ రోజు నుంచి మెరుపు ఎక్కడికెళ్ళినా ఎనిమిదో కెమెరా కిందే ఉన్నాడు. కాటా మీద నిలబడితే బరువు మామూలుగానే చూపించేది. కారెక్కితే మాత్రం కారు నేలకి అతుక్కుపోయేది. జట్టువాళ్ళు ఇంజను మార్చారు, టైర్లు మార్చారు. చివరికి మనిషినే మార్చేద్దామా అని గుసగుసలాడుకోవడం మొదలుపెట్టారు. అది చెవిన పడ్డాక మెరుపు, ఆట ఆఫీసులో అసలు సంగతి కనుక్కుని, చూపులక్క ఇంటి మెట్లెక్కాడు. మెట్టుకోసారి ఆగి, రొప్పుతూ, గోడ పట్టుకుంటూ. తలుపు తీసింది ఆవిడ భర్తే.

ఒకరినొకరు చూసుకున్నారు. ఒకరికి కాలు లేదు, ఇంకొకరు ఉన్న కాళ్ళు ఎత్తలేకపోతున్నారు.

"లోపలికి రండి. కుర్చీ గట్టిదే" అన్నాడు భర్త.

మెరుపు కూలబడ్డాడు. "అమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఈ చూపు తీసెయ్యండి."

"తీసేది కాదు. ఔట్ పెట్టాలి" అంది చూపులక్క, వంటింటి గుమ్మంలోంచి.

"పెట్టండి తల్లీ!"

"పెడతాను. మా ఆయన ఎక్కడ నిలబడ్డారో అక్కడే పెడతాను. రేసు జరిగే రోజున మీరెళ్ళి ఆ చోట నిలబడాలి. నిలబడితే చూపు వదిలేస్తుంది. ఎక్కడ నిలబడ్డారో మీరే చెప్పండి."

మెరుపు నోరు తెరిచాడు. "గీత..." అన్నాడు.

"గీత దాటి ముందుకొచ్చారు. అంతేనా? సరే, అక్కడే పెడతాను. కార్లు ఆ చోటు మీదుగానే వస్తాయి. మీరు చూస్తే అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతున్నారు, పక్కకి గెంతడం కష్టమే. అయినా మీ మాటే మీది, నేను కాదననుగా!"

భర్త భార్య వైపే చూస్తున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మనిషిలో ఇంత ఉందని ఆయనకీ తెలియదు.

మెరుపుకి చెమటలు పట్టాయి. చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"గోడ వెనక" అన్నాడు. "గుడిసె పక్కన. కంచెని ఆనుకుని ఉన్నారు. ఆయన గీత దాటలేదు. నేనే దాటాను."

"నాకెందుకు చెబుతున్నారు? నాకు తెలుసుగా. అక్కడికెళ్ళి నిలబడాలంటే మీకు కమిటీ అనుమతి కావాలి. ఏ చోటు, ఎందుకని అడుగుతారు. ఇదే ముక్క వాళ్ళకి చెప్పండి."

చెప్పాడు. చెప్పక చస్తాడా! కమిటీ మళ్ళీ కూర్చుంది, ఈసారి టీ తాగలేదని వినికిడి. రేసు రోజున మెరుపు గోడ వెనక, గుడిసె పక్కన, కంచెకి వీపానించి నిలబడ్డాడు. పక్కనే కమిటీ పెద్దలూ నిలబడ్డారు. కార్లన్నీ మలుపు తిరిగి తమ దారిన తాము వెళ్ళిపోయాయి. ఆ చోటికి దుమ్ము కూడా రాలేదు. అక్కడ నిలబడ్డ మనిషికి కారు తగలాలంటే నడిపేవాడు ఒళ్ళు తెలియకుండా రావాల్సిందేనని చిన్నపిల్లలకైనా అర్థమయ్యేది. పెద్దలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆఫీసులో చూపులక్క ఔట్ గడి నింపింది. మెరుపు భుజాలు లేచాయి. మనిషి అక్కడే కూర్చుని పసివాడిలా ఏడ్చాడట.

చూపులక్క భర్తకి పిలుపొచ్చింది. క్షమాపణ కూడా వచ్చింది, కానీ ఆయన దాన్ని పట్టించుకోలేదు. పిలుపు చాలు ఆయనకి. తర్వాతి రేసుకి కొత్త కాలికి బూటు తొడుక్కుని, కెమెరా భుజాన వేసుకుని, ఈల వేసుకుంటూ మెట్లు దిగాడు. మెరుపు కూడా ఆ రేసులో ఉన్నాడు. మునుపటి జోరుతోనే బయల్దేరాడు.

సాయంత్రం ఆయన ఇంటికొచ్చి, భోజనానికి కూర్చోకుండా కెమెరా తెరిచి భార్య ముందు పెట్టాడు.

"ఇది చూడు. మిగతా కార్లన్నీ రయ్యిమని గీతల్లా పోయాయి. మెరుపు కారు మాత్రం చుట్టు చుట్టుకీ ఎంత స్పష్టంగా వచ్చిందో! చక్రానికున్న బోల్టులు లెక్కపెట్టొచ్చు. ఎనిమిదో మలుపులోకి రాగానే కుంగుతోంది, నేనున్న చోటు దాటగానే లేస్తోంది. ఈలోపు అందరూ దాటేస్తున్నారు. చిట్టచివర వచ్చాడు పాపం." ఆగి, భార్య మొహంలోకి చూశాడు. "నువ్వు ఇన్ తీయలేదా?"

"ఔట్ అడిగారు, పెట్టాను. ఇన్ సంగతి ఎవరడిగారు?"

"అయితే ఇక ఆ ట్రాకు మీద అతను గెలిచేదే లేదా?"

చూపులక్క కంచం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"మీ కాలు మొలిచిన రోజున చెప్పండి, తీసేస్తాను."

ఆయన కంచం దగ్గరికి లాక్కున్నాడు. మళ్ళీ ఆ మాట ఎప్పుడూ అడగలేదు.