కళ్ళు మూసుకున్నంతసేపు

పాస్టరుగారు ప్రార్థన అందుకున్నారంటే ఓ పట్టాన వదిలే మనిషి కాదు. సొంత ఊళ్ళో సంఘంలోని ముసలివాళ్ళు ఆయన ప్రార్థనలో హాయిగా ఓ కునుకు తీసి, ఆమెన్ వేళకు ఠంచనుగా లేచేవారు. కొత్త దేశంలో దిగి వారమైనా కాలేదు, అలవాటు మాత్రం సామానుతో పాటే దిగింది.

మిషనరీ శిక్షణ ఒక అద్దె ఇంటి కింది గదిలో జరుగుతోంది. గాలి ఆడదని వీధి తలుపు బార్లా తీసి పెట్టారు. పాఠం చెప్పే మాస్టారు ఈ దేశంలోనే తల నెరిసిన మనిషి. కొత్తగా సేవకు వచ్చిన దంపతుల చేత ఆ పొద్దున ఇక్కడి భాషలో మొదటి వాక్యం, "మీకు సాయం చేయడానికి వచ్చాం" అన్నది, నోరు తిరిగేదాకా వల్లె వేయించారు. ఆ తర్వాత, ఈ దేశం చూడగానే ఏమనిపించిందో ఒక్కొక్కరూ చెప్పమన్నారు.

పాస్టరమ్మకు నిజానికి భయంగా ఉంది. బోర్డుల మీద అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి. ఎవరు నవ్వినా తనను చూసే నవ్వుతున్నారనిపిస్తోంది. అవన్నీ మింగేసి, "బాగుందండీ, మనుషులు మంచివాళ్ళలాగే ఉన్నారు" అని కూర్చుంది. చివర్న పాస్టరుగారు ప్రార్థన అందుకున్నారు. ఆ దేశాన్ని, దాని పాలకులను, ఈ వీధిని, వీధిలోని ప్రతి గడపను దేవుని చేతికి అప్పగించేసరికి చాలాసేపే పట్టింది.

ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి పక్క కుర్చీలో బుజ్జి లేదు. వాళ్ళ నాలుగేళ్ళ కూతురు.

"ఇక్కడే ఎక్కడో ఉంటుందిలే, కంగారు పడకు" అన్నారు పాస్టరుగారు. బల్లల కింద చూశారు, స్నానాల గది చూశారు, మేడ మెట్లు చూశారు. ఎక్కడా లేదు. పాస్టరమ్మ చూపు తెరిచి ఉన్న వీధి తలుపు మీద పడింది. బయట లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి.

ఆమె పరుగెత్తింది. చెప్పు ఒకటి ఎక్కడ ఊడిందో తెలియదు. ఎవరిని ఆపినా ఏమని అడగాలి? పాప అనే మాట రాదు, తప్పిపోయింది అనే మాట అసలే రాదు. రోడ్డు పక్కన పళ్ళు అమ్ముకునే ఒకావిడ రెండు చేతులూ పట్టుకుని, వచ్చిన ఆ ఒక్క ముక్కే చెప్పింది. "మీకు సాయం చేయడానికి వచ్చాం, మీకు సాయం చేయడానికి వచ్చాం." చెబుతూ వెక్కివెక్కి ఏడ్చింది. పళ్ళామె తెల్లబోయి చూసింది. పాస్టరమ్మ అరచెయ్యి తన నడుము దగ్గర పెట్టి ఇంతెత్తు అని చూపించింది. అంతే, పిల్ల అటు పోవడం చూసిందేమో, పళ్ళామె బుట్ట అక్కడే వదిలేసి, ఆమె చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

సందు మలుపులో సెలూన్. కుర్చీ చేతుల మీద అడ్డంగా వేసిన చెక్క మీద బుజ్జి గ్లాసుతో నీళ్ళు తాగుతోంది. పాస్టరమ్మ ఒక్క ఉదుటున పోబోయింది. ముసలి బార్బరు చేతిలో దువ్వెనతోనే అడ్డం నిలబడి ఏదో అడిగాడు. అర్థం కాలేదు. మళ్ళీ అడిగాడు. నలుగురూ మూగారు.

ఇంతలో వెనకే వచ్చిన పాస్టరుగారు నేరుగా పిల్లను ఎత్తుకోబోయారు. బార్బరు ఆయన గుండె మీద చెయ్యి వేసి వెనక్కి నెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని ఎవరూ నెట్టలేదు.

"అది నా కూతురయ్యా. నా కూతుర్ని నాకివ్వననడానికి నువ్వెవరు?"

ఆ గొంతుకు పిల్ల జడుసుకుని బార్బరు చొక్కాలో మొహం దాచేసింది. మూగినవాళ్ళు ఇంకా దగ్గరికి జరిగారు. ఎవరో ఫోన్ తీశారు. పాస్టరమ్మకు అప్పుడు అర్థమైంది. ఊరూ పేరూ తెలియనివాళ్ళు వచ్చి లాక్కోబోతే తన పిల్లను ఎవరైనా ఇలాగే కాయాలని కదా తనూ కోరుకునేది.

"మీరు వెనక్కి జరగండి" అంది భర్తతో. తను నేల మీద, రాలిన వెంట్రుకల్లోనే చతికిలబడి, "బుజ్జీ, రామ్మా" అని మెల్లగా పిలిచింది.

బార్బరు పిల్లను కిందికి దించాడు. భుజాలు కాసేపు పట్టుకునే ఉండి, వదిలాడు. పిల్ల వచ్చి తల్లి మెడను వాటేసుకుంది.

"ఎక్కడికెళ్ళావే తల్లీ?"

"దాహమేసింది. నాన్నని లాగాను. కళ్ళు తెరవలేదు. నువ్వూ తెరవలేదు. ఎవ్వరూ తెరవలేదు. ఈ తాత తెరుచుకుని ఉన్నాడు."

పాస్టరుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. అలవాటు కొద్దీ చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, "ప్రభువా" అన్నారు.

"కళ్ళు తెరవండి" అంది పాస్టరమ్మ. "ముందు ఆయన మొహం చూసి వందనాలు చెప్పండి."

ఆయన తెరిచారు, చేతులు జోడించే ఉంచారు. బార్బరు ఆ చేతుల వంక చూడనే లేదు. బుజ్జినే చూస్తున్నాడు, ఇచ్చి మంచిపనే చేశానా అని ఇంకా తేల్చుకోలేకుండా.