పడమటి వాటా పెరటి తలుపు

రోహిణీ కార్తె నడుమ మధ్యాహ్నభాస్కరుడు బందరు పట్టణముపై పగబట్టినవానివలె నిలిచియుండెను. సముద్రమువైపునుండి రావలసిన గాలి ఉప్పుమడులలోనే ఊపిరి విడిచెను. వీథులలోని ధూళి వేగిన పిండివలె తెల్లబారి కాలు మోపిన కుక్కలను కుంటించుచుండగా కాకులు చూరుల క్రింద ముక్కులు తెఱచుకొని రొప్పుచుండగా బావిగట్టుపై ఒలికిన నీరు తడి యని తెలియకముందే ఆవిరియై పోవుచుండగా పెంకుటిండ్లన్నియు కుమ్మరి ఆవములోనికి మరల ప్రవేశించినట్లు ఎఱ్ఱగా మండుచుండెను. మృగశిర ప్రవేశించుటకు ఆఱు దినములు మాత్రమే మిగిలియుండెను.

ఆ ఆఱు దినములలో సుభద్రాయమ్మ తన మూడు వాటాల ఇంటికి పెంకు తిరగవేయించుకొనవలసియుండెను. భర్త గతించిన పదునాలుగేండ్లనుండి ఆ ఇంటిని అద్దెల కిచ్చి కాపాడుకొని వచ్చుచున్న ఆమెకు దాని దూలము దూలమును తన యెముకలవలె ఎఱుక. పెంకును చెవియొద్ద పట్టి వేలి కణుపుతో తట్టి పలికిన ధ్వనినిబట్టి కంటికి కానరాని పగులు కనిపెట్టగలది. కాపురమున్నవారు గోడకు అడుగకుండ మేకు కొట్టినచో మూడు దినములు అన్నము సహింపనిది. ఏటేట ఆ ఇంటికి పెంకు నేయు నూకయ్య "అమ్మగారి ఇంట్లోకి వాన కూడా అడిగే రావాలిరా" యని తనతోడి కూలీలతో పరిహాసమాడుచుండెడివాడు.

పడమటి వాటాలో రెండేండ్లనుండి మార్కండేయులు అను గుమాస్తాయు అతని భార్య అలివేలును కాపురముండిరి. మార్కండేయులు తెల్లని ధోవతి మడత నలగనీయనివాడు. బజారున మాటకు ముందు చేతులు జోడించువాడు. అట్టి సాధుజనసమ్మతమూర్తి ఇంట తలుపు మూసికొన్నంతనే కూరలో ఉప్పు మించినదనియు పిలిచిన పిలుపునకు పలుకలేదనియు పలికిన పలుకులో ఎదురు వినబడినదనియు కారణములు కల్పించుకొని భార్యను వడ్లు దంచినట్లు గ్రుద్దుచుండెను. అప్పుడెల్ల అలివేలు పెరటి తలుపుపై పడి దానిని త్రోసికొని బయటికి ఉరుకుచుండెను. ఆ తలుపు పాతది. మామిడిపలకలది. గడియకు బిగువు లేనందున భుజముతో ఒక్క త్రోపు త్రోసిన మేకులతోసహా ఊడివచ్చెడిది. ఆమె బావి దాటి సుభద్రాయమ్మ వసారాలో చేరగిలబడి పెదవి నెత్తురు కొంగుతో ఒత్తుకొనుచు అతని కోపము చల్లారువరకు కూర్చుండెడిది. సుభద్రాయమ్మ మజ్జిగ యిచ్చెడిది. ఏమియు అడుగకుండెడిది. పరుల సంసారమున తల దూర్చుట ఆమె మర్యాద కాదు. ఆమె మనస్సును కలచినది ఊడిన గడియ.

ఒక్క యేట నాలుగుమారులు మేకులు కొట్టించి విసిగి ఆమె చైత్రమాసమున కనకాచారి యను వడ్రంగిని పిలిపించి రెండంగుళముల దళసరి టేకు తలుపు చేయించెను. లోపలివైపున ఇనుపపట్టీలు చుట్టిన అడ్డగడియయు దాని క్రింద చెవితో తిరుగు తాళమును బిగింపించెను. గునపము పెట్టినను చలింపదని కనకాచారి తన పనికి తానే మురిసెను. తాళపుచెవిని వాడుక చొప్పున ఆమె మగవాని చేతికే ఇచ్చెను. అలివేలు ఆ తలుపును అరచేతితో తాకి భుజమును ఆనించి చూచెను.

"ఇంత గట్టిది ఎందుకు పిన్నిగారూ?" అనెను.

"నా ఇంట్లో ఊగులాడే తలుపు ఉండకూడదమ్మా. ఇక నీకు దొంగల భయం లేదు."

"పాతదైతే నా మాట వినేదండీ."

బావిలో పడిన చేదకు అలిగిన పిల్ల మాటవలె ఆ మాట సుభద్రాయమ్మకు తోచెను. ఆమె తలుపు అంచున మిగిలిన రంపపుపొట్టును కొంగుతో తుడిచి వెడలిపోయెను.

రోహిణిలోని ఆ మధ్యాహ్నమున నూకయ్య తూర్పు వాటా ముగించి నడిమి వాటా కప్పుపై ఉండెను. సుభద్రాయమ్మ బావియొద్ద పెంకులు తట్టి ఏరుచుండెను. మార్కండేయులు భోజనమునకు ఇంటికి వచ్చెను. కొంతసేపటికి ఇత్తడిపళ్ళెము గోడకు తాకి నేల దొర్లిన మ్రోత వినబడెను. పిదప మెత్తని వస్తువుపై గట్టి వస్తువు పడు చప్పుడు తెఱపి లేక వినబడసాగెను. సుభద్రాయమ్మ అలవాటు చొప్పున లేచి మజ్జిగగిన్నె తెచ్చి పెరటి తలుపునకు ఎదురుగా నిలిచెను.

తలుపు తెఱచుకొనలేదు.

అది ఒకమారు అదరెను. రెండవమారు అదరెను. లోపల గోళ్ళు కొయ్యను గీఱుచున్న సవ్వడి వెలువడెను. మూడవమారు అదరి నిలిచిపోయెను. కనకాచారి పనితనమునకు వెండ్రుకవాసి కూడ లోటు రాలేదు. పాత గడియ నాలుగుమారులు ఎందులకు ఊడెనో ఊడిన ప్రతిమారును ఎవరు బ్రదికి బయటపడిరో ఆమెకు ఆ క్షణమున తెలిసెను. మజ్జిగగిన్నె చేతినుండి జాఱెను.

ఆమె రెండు పిడికిళ్ళతో తలుపును బాదెను. "తలుపు తియ్యి, మార్కండేయులూ."

లోపలినుండి రొప్పుతో కూడిన మర్యాదస్వరము వెలువడెను. "ఇల్లు మీదండీ పిన్నిగారూ. పెళ్లాం నాది. మీ పెంకులేవో మీరు చూసుకోండి."

మరియొక దెబ్బ పడెను. ఈమారు కేక వినబడలేదు. వీథి తలుపు లోపల గడియ పడియుండెను. కిటికీల కన్నిటికిని ఆమెయే ఇనుపకమ్ములు వేయించియుండెను. ఏ దిక్కు చూచినను ఆ ఇల్లు చక్కగా కాపాడబడియుండెను. సుభద్రాయమ్మ తలయెత్తి కప్పును చూచెను.

"నూకయ్యా, పడమటి వాటా విప్పు."

"అది ఎల్లుండి పని కదండీ అమ్మగారూ."

"ఇప్పుడే విప్పు. దింపక్కర్లేదు. పగిలితే పగలనీ."

పదునాలుగేండ్లలో పెంకునుగూర్చి ఆమె నోట ఆ మాట విని యెఱుగని నూకయ్య ఒక్కమారు ఆమె ముఖము చూచి పడమటి కప్పుపైకి దుమికి కాలితో పెంకులను తన్నసాగెను. అవి చూరునుండి జలజల రాలి నేల బద్దలయ్యెను. ఏబదియేండ్ల ఆ విధవరాలు కొంగు నడుమునకు బిగించి నిచ్చెన యెక్కెను. కాలిన పెంకులు అరచేతుల చర్మమును ఒలిచినను ఆమె లెక్కసేయలేదు. పెంకు వీడిన మేర మండుటెండ చీకటిగదిలోనికి స్తంభమువలె దిగెను.

ఆ వెలుగులో ఆమె చూచెను. అలివేలు టేకు తలుపు మొదట ఒరిగియుండెను. ఎడమచేయి మోచేతియొద్ద వంగరాని వైపునకు వంగియుండెను. మెఱుగు పెట్టిన పలకపై అయిదు వ్రేళ్ళ నెత్తుటిచారలు పైనుండి క్రిందికి దిగియుండెను. మార్కండేయుల చేత ఉన్నది ఆమె చేయించిన అడ్డగడియ. దాని ఇనుపపట్టీ తడిగా నుండెను. అతడు తలయెత్తి చూచి ఆ గడియను మరల పైకెత్తెను.

సుభద్రాయమ్మ చేతికందిన పెంకును విసరెను. అది గోడకు తగిలి తునుకలయ్యెను. రెండవది అతని భుజమును చీల్చెను. మూడవది నుదుట తగిలి నెత్తురు కన్నులలోనికి దిగగా అతడు గ్రుడ్డివానివలె గడియను నలుదెసల త్రిప్పుచు అఱచుచుండెను. నూకయ్య కప్పుబద్దలను మడమతో విఱుగదన్ని లోనికి దుమికెను. గడియ వాని ప్రక్కటెముకలపై పడెను. ఇరువురును పెంకుముక్కలపై దొర్లిరి. నెత్తురును మన్నును చెమటయు ఒక్కటయ్యెను. తుదకు నూకయ్య గడియను గుంజుకొని అతని మణికట్టుపై మోదగా ఎండిన వెదురు విఱిగినట్లు చప్పుడయ్యెను. మార్కండేయులు మోకాళ్ళపై కూలి ముఖము నేలకు ఆనించెను.

"చాలండీ అమ్మగారూ, పడిపోయాడు," అని నూకయ్య కేక వేసెను.

ఆమె ఇంకొక పెంకు విసరెను. అది అతని వీపున పగిలెను. పిమ్మట ఆమె తన చేతిని చూచుకొని పాము కఱచినదానివలె వెనుకకు తీసికొనెను. నూకయ్య పడినవాని మొలనుండి తాళపుచెవిని త్రెంచి తలుపు తెఱచెను.

మార్కండేయులను రక్షకభటులు కొనిపోయిరి. విఱిగిన చేతితో అతడు కారాగృహమున ప్రవేశించెను. అలివేలు నలుబది దినములు ఆసుపత్రిలో పడియుండి సుభద్రాయమ్మ ఉండు నడిమి వాటాకు వచ్చి చేరెను. ఆమె ఎడమచేయి మరల భుజముమీదికి లేవలేదు. ఈలోపల మృగశిర దాటి వానలు దిగినవి. పడమటి వాటా కప్పు అట్లే తెఱచియుండెను. నేలపై గడ్డకట్టిన మరకను వాన మూడు దినములు కడుగుచుండగా చూరునుండి ఒక్క బొట్టు కారిన నిదుర పట్టని సుభద్రాయమ్మ వసారాలో నిలిచి చూచుచుండెను.

ఆషాఢాంతమున కప్పు నేయించి ఆమె కనకాచారికి కబురంపెను. శ్రావణమున ఆ వాటాకు క్రొత్త దంపతులు కాపురమునకు రానుండిరి.

"ఆ తలుపు ఊడదియ్యి ఆచారీ. పాత పలకలు కొట్టంలో ఉన్నాయి. లోపలినుంచి తోస్తే ఊడే గడియ పెట్టు. తాళం వద్దు."

"అది పని కాదండీ అమ్మగారూ. ఊళ్లో నా పేరు పోతుంది."

"నా పేరు పోయి రెండు నెలలైంది. పెట్టు."

తలుపు నిలిపిన పిమ్మట సుభద్రాయమ్మ అలివేలును పిలిచి లోపల నిలువుమని తాను పెరటిలో నిలిచెను. అలివేలు కుడిభుజముతో త్రోసెను. తలుపు కదలలేదు. "ఇంకా వదులు చెయ్యి" అని సుభద్రాయమ్మ అనగా ఆచారి వంచిన తలతో ఒక మేకు పెఱికెను. అలివేలు మరల త్రోసెను. గడియ ఎగిరి బావిగట్టున పడెను. తలుపు భళ్ళున తెఱచుకొని గోడకు కొట్టుకొనెను. ఆమె వెలుగులోనికి వచ్చి తిరిగి లోనికి పోయి మరల త్రోసికొని వచ్చెను. మూడవమారు వచ్చునప్పుడు ఆమె ముఖమున చిన్న నవ్వు వంటిది కానవచ్చెను.

ఇల్లు కాపాడుట యనగా గోడను కాపాడుట యని ఏండ్ల తరబడి నమ్మినవారికి ఆ గోడల నడుమ మనిషి ఒకతె ఉన్నదన్న యెఱుక కలుగుటకు ఒక్కొక్కప్పుడు కప్పే పెఱికి చూడవలసివచ్చును. తలుపు తగిలినచోట సున్నము అరచేతి మేర పెచ్చులూడెను. ఆచారి తాపీవానిని పిలువబోగా సుభద్రాయమ్మ వలదని చేయి చూపెను. ఆ పెచ్చు నేటికిని అట్లే యున్నది.