మేస్త్రి రాయని పని

వరద నీళ్లు రొట్టెల బట్టీలోకి నడుం లోతు వచ్చిన ఏడాది పాత యజమాని చేతులెత్తేశాడు. కొత్తవాళ్లు బురద ఎత్తించి, కొత్త పొయ్యి పెట్టి, బట్టీ నడపసాగారు. వాళ్లు పంపిన మేనేజరుకి తెలుగు రాదు. పనివాళ్లకి ఇంగ్లీషు రాదు. అందుకని సాయంత్రం పని దిగాక పిండి గదిలో పాఠాలు పెట్టారు.

పాఠం చెప్పే టీచరమ్మ ముందుగా పని పురమాయించే మాటలు ఎత్తుకుంది. కలుపు, పిసుకు, కొయ్యి, కాల్చు.

"ఎదుటివాళ్లకి చెప్పి చేయించేటట్టు మాట్లాడాలి," అంది.

"ఇంట్లో మేం రోజూ చేసేది అదేనండీ," అంది ప్యాకింగు బల్ల దగ్గర పెద్దావిడ.

"అక్కడ వినేవాడుండాలిగా," అన్నాడు డబ్బుల గల్లా దగ్గర కూర్చునే అతను.

బస్తాల మీద కూర్చున్నవాళ్లంతా నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. పొయ్యి దగ్గర పెద్ద ఆయనే. మాట పిండిలో ఉప్పంత వాడేవాడు.

తర్వాత టీచరమ్మ ఇంకో పని పెట్టింది. ఎవరికి వచ్చిన వంట వాళ్లు ఆ ఇంగ్లీషు మాటలతోనే రాయాలి. రాసింది ఇంకొకరు చెయ్యాలి.

"కాగితం మీద లేనిది చెయ్యకూడదు. అప్పుడు తెలుస్తుంది, మీరు చెప్పింది అవతలివాళ్లకి అందిందో లేదో," అంది.

మేస్త్రి తన రొట్టె రాశాడు. పిండి, నీళ్లు, ఈస్ట్, ఉప్పు. కలుపు. పిసుకు. ముద్ద చెయ్యి. పొయ్యిలో పెట్టు. పిసికాక తడిగుడ్డ కప్పి పొంగేదాకా ఆగమని రాయలేదు. పొయ్యి పనివాళ్ల తీరే అంత. ఎవరడిగినా అంతా చెబుతారు, ఒక్కటి మాత్రం కడుపులో దాచుకుంటారు. ఆయన గురువూ అలాగే చెప్పాడు, ఆ ఒక్కటి ఈయన చూసి పట్టుకున్నాడు. చెయ్యి దానంతటదే దాటేసింది. దాటేసిందని తెలిశాక కూడా దిద్దలేదు. అంతా కాగితం మీదికి ఎక్కితే ఇక నాతో ఏం పని వీళ్లకి, అనుకున్నాడు.

ఆ వారమే మేనేజరు కబురు చెప్పించాడు. పొయ్యి దగ్గర ఇంకో మనిషి కావాలి. ఇంగ్లీషు కాగితం చూసి తన ఎదుట సరిగ్గా చేసిన వాళ్లకే ఆ చోటు. గల్లా అతను ముందుకొచ్చాడు. మేస్త్రి మరదలూ వచ్చింది. ఆమె మొగుడు, అంటే మేస్త్రి తమ్ముడు, నడుం పట్టేసి మంచం దిగడం లేదు. ఆమెది ప్యాకింగు. ఆ పనివాళ్లు ఎప్పుడు రావద్దంటే అప్పుడు మానాలి. పొయ్యి దగ్గరైతే ఎవరూ అలా పొమ్మనరు.

టీచరమ్మ కాగితాలు పంచింది. గల్లా అతనికి పెద్దావిడ రాసిన బిస్కెట్లు వచ్చాయి. మరదలికి మేస్త్రి రొట్టె వచ్చింది.

"నీకేం, ఇంటి కాగితమే," అన్నాడు గల్లా అతను.

ఆమె రెండుసార్లు చదువుకుంది. తల ఎత్తి మేస్త్రిని చూసింది.

"ఇంతేనా బావగారూ?"

అందరూ చూస్తున్నారు.

"ఇంతే," అన్నాడు.

రొట్టె ఇటుకలా వచ్చింది. మేనేజరు దాన్ని వేలి కణుపుతో కొట్టాడు. చెక్క తలుపు కొట్టినట్టు మోగింది. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. గల్లా అతని బిస్కెట్లు కుదిరాయి, చోటు అతనికి పోయింది.

అన్నదమ్ములవి ఒకే గోడకి అటూ ఇటూ ఇళ్లు. భోజనాల వేళ గోడ అవతల పిల్లలు ఆ రొట్టెని పాలల్లో నానబెట్టి తింటున్నారు. అమ్మా, ఇది కొరికితే పన్ను ఊడుతుందే, అంటూ నవ్వుతున్నారు. మేస్త్రి కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"మీ మరదలికి రాసిపెట్టి లేదు, మీరేం చేస్తారు," అంది భార్య.

రాసిపెట్టాల్సింది నేనే, అనుకున్నాడు. చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్లి మేనేజరు గది గుమ్మంలో నిలబడ్డాడు.

"కమ్," అన్నాడు.

మేనేజరు తలెత్తాడు. బట్టీలో ఆయనకి ఎవరూ ఎప్పుడూ అలా చెప్పలేదు. మేస్త్రికి తెలిసిన ఇంగ్లీషంతా పురమాయించేదే. క్షమించమనడం ఇంకా పాఠంలో రాలేదు. మేనేజరు లేచి వచ్చాడు.

మేస్త్రి పొయ్యి ముందు కుర్చీ వేసి, "సిట్. వెయిట్," అన్నాడు.

తర్వాత ప్యాకింగు బల్ల దగ్గరికి వెళ్లి మరదల్ని పిలిచాడు. అందరూ వినేలా చెప్పాడు.

"పిసికాక తడిగుడ్డ కప్పమ్మా. రెండింతలు పొంగేదాకా ముట్టుకోకు. అది నేను రాయలేదు. కావాలనే."

"తెలుసు బావగారూ. మీరు చేస్తుంటే చూడలేదా?"

"మరి నిన్న అడగవేం?"

"అడిగాగా," అంది ఆమె. "ఇంతే అన్నారు."

ఆమె చేతులు కడుక్కుని పిండి కలిపింది, పిసికింది, గుడ్డ కప్పింది. మేనేజరు ఒకసారి లేవబోయాడు. మేస్త్రి అరచెయ్యి అడ్డం పెట్టాడు. మేనేజరు మళ్లీ కూర్చున్నాడు. రొట్టె వచ్చాక విరిచి తిన్నాడు, ఇంకో ముక్క విరిచాడు. తర్వాత కొత్త ఏప్రన్‌లో నిలబడ్డ గల్లా అతని వైపు చూపించి, చేతులు చాచి భుజాలెగరేశాడు. చోటు ఒక్కటే, అది ఇచ్చేశాను, అని.

మేస్త్రి తన ఏప్రన్ ముడి విప్పాడు. మరదలి చేతిలో పెట్టాడు.

"కట్టుకో."

"అయ్యో, మరి మీరు?"

"కట్టుకో," అన్నాడు.

పెద్దావిడ పక్కన ఖాళీ అయిన ప్యాకింగు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. రొట్టె చుట్టే కాగితం మడత రాలేదు. మొదటి రొట్టె చేతిలోంచి జారింది.

"కింద మడవండి ముందు," అంది పెద్దావిడ.

మేస్త్రి కింద మడిచాడు.