బూట్లు రెండోసారి వచ్చిన రోజు

మాజీ సైనికుల ఆసుపత్రిలో ఎమర్జెన్సీ డ్యూటీ ఉదయం ఎనిమిదింటికి మారుతుంది. హెడ్ నర్సు ఆక్సిజన్ సిలిండర్లు సరిచూసుకుంటుంది, ఆయా నేల తుడుస్తుంది, టెంపరరీ డాక్టరమ్మ టీ కప్పు కిటికీ గట్టు మీద పెట్టి చేతులు కడుక్కుంటుంది. ఆ టీ ఏ రోజూ పూర్తిగా తాగింది లేదు.

పురిటి సెలవు మీద వెళ్లిన డాక్టరు స్థానంలో మూడు నెలలకని వచ్చిందామె. బ్యాడ్జీ మీద పేరుండాల్సిన చోట ‘తాత్కాలికం’ అని ఉంటుంది. ముసలి సిపాయిలు అదే ఆవిడ పేరన్నట్టు పిలుస్తారు. ఆమె ఎవరినీ సరిదిద్దలేదు. ఇలాంటి ఆసుపత్రులు ఇప్పటికి తొమ్మిది తిరిగింది. మంచం మీదున్న మనిషిని చూడటం, మంచం ఖాళీ అయితే తర్వాతి మనిషిని చూడటం, గడువు తీరగానే పెట్టె సర్దుకుని పోవడం. ఎవరి మంచీచెడ్డా మనసుకు పట్టించుకోకుండా బతకడం బాగా అలవాటైంది.

ఇక్కడ మాత్రం ఒక సౌకర్యం ఉంది. పేషెంటు కంటే పది నిమిషాలు ముందు అతని బూట్లు వస్తాయి. సైన్యంలో తొడుక్కుని, ఆ తర్వాత ఏ అటక మీదో పడేసిన బూట్లు లేచి, నడుచుకుంటూ వచ్చేస్తాయి. గేటు దగ్గర సెక్యూరిటీ అతను పక్కకి జరిగి దారిస్తాడు. ఆయా వాటి దుమ్ము దులిపి ఖాళీ మంచం కింద పెడుతుంది. లోపల రాసిన నంబరు చూసి హెడ్ నర్సు ఫైలు తీయిస్తుంది. అంబులెన్సు వచ్చేసరికి అంతా సిద్ధం.

“ఈ ముసలాళ్లు చెప్పిన మాట వినరు గానీ, బూట్లు బుద్ధిమంతులు” అంటుంది హెడ్ నర్సు.

ఆ రోజు ఎనిమిదింబావుకి వచ్చిన జత అందరికీ తెలిసిందే. ఒకదానికి నల్ల లేసు, ఇంకోదానికి గోధుమరంగు లేసు.

“వైర్‌లెస్ గారు. రెండో మంచం సర్దండి” అంది హెడ్ నర్సు.

సైన్యంలో వైర్‌లెస్ సెట్టు నడిపిన మనిషి. వచ్చిన ప్రతిసారీ వార్డంతా వినపడేలా కబుర్లు చెప్పేవాడు. ఈసారి మాటాపలుకూ లేకుండా స్ట్రెచర్ మీద వచ్చాడు. వెనకే భార్య, మందుల సంచి పట్టుకుని. బనీను కత్తిరించి, డాక్టరమ్మ ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టింది. షాకులిచ్చింది. నర్సులు ఒకరి తర్వాత ఒకరు నొక్కారు. నలభై నిమిషాలయ్యాక ఆమె గడియారం చూసి ఆపేసింది.

బయటికొచ్చి భార్యకు చెప్పింది. పెద్దావిడ ఏడవలేదు. మందుల సంచి మూతి ముడేసింది.

“ఆయన యూనిఫాం ఇంట్లో ఉంది. తెస్తానమ్మా. ఆ చిరిగిన బనీనుతో పంపించొద్దు.”

“తెచ్చుకోండమ్మా. తొందరేం లేదు. ఇక్కడ సంతకం చెయ్యండి.”

పెన్ను రెండుసార్లు జారిపోయింది. “ఈ చెయ్యి పొద్దుటి నుంచీ తిమ్మిరిగా ఉందమ్మా” అంది పెద్దావిడ.

“కంగారు వల్ల అలాగే ఉంటుంది. కాస్త మంచినీళ్లు తాగండి” అంది డాక్టరమ్మ. అప్పటికే ఆమె చూపు మూడో మంచం మీదుంది.

మనిషి పోతే బూట్లు ఇక కదలవు. ఆయా వాటిని శవంతో పాటే మార్చురీ గదికి పంపించేసింది. కానీ పదిన్నరకి అవే బూట్లు గేటు వైపు నుంచి, ఒళ్లంతా దుమ్ముతో, వార్డులోకి వచ్చాయి. ఎప్పుడు బయటికెళ్లాయో ఎవరూ చూడలేదు. ఆయా తీసి మంచం కింద పెడితే బయటికొచ్చి గుమ్మం వైపు తిరిగి నిలబడ్డాయి.

“ఆయన కింద మార్చురీలో ఉన్నారు. మరి ఇవి ఎవరి కోసం వచ్చినట్టు?” అంది హెడ్ నర్సు.

డాక్టరమ్మకు జారిపోయిన పెన్ను గుర్తొచ్చింది. “ఆవిడ! ఇల్లెక్కడో ఫైల్లో చూడండి సిస్టర్. పై వార్డు డాక్టరుని ఇక్కడ ఉండమనండి” అంటూ అంబులెన్సు వైపు పరుగెత్తింది.

మూడు వీధుల అవతల, రెండో అంతస్తు. తలుపు దగ్గరికి వేసుంది. ఇస్త్రీ బల్ల పక్కన నేల మీద పడి ఉంది పెద్దావిడ. మూతి ఒక పక్కకి లాగేసింది. కుడి చెయ్యి పడిపోయింది. మాట లేదు గానీ కళ్లు తెరిచే ఉన్నాయి. యూనిఫాం చొక్కాకి ఒక చెయ్యి మాత్రమే ఇస్త్రీ అయింది. డాక్టరమ్మ స్విచ్చి ఆపి, ఆవిణ్ని ఎత్తుకోబోతూ ఆ చొక్కా కూడా తీసుకుంది.

స్కానింగులో మెదడులో నెత్తురు చిమ్మలేదని, గడ్డ అడ్డుపడిందని తేలింది. వెంటనే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు. ఇంకో రెండు గంటలు ఆలస్యమైతే అది పనికిరాకపోయేది. సాయంత్రానికి కాలు కదిలింది, మాట ముద్దముద్దగా వచ్చింది. కుడి చేతి వేళ్లు మాత్రం రాలేదు.

“నేను పడిపోయానని మీకెవరు చెప్పారు?” అంది పెద్దావిడ.

“ఆయన బూట్లు వచ్చాయమ్మా.”

పెద్దావిడ మొహం గోడ వైపు తిప్పుకుంది. పొద్దుటి నుంచీ రాని ఏడుపు అప్పుడొచ్చింది. “నలభై ఏళ్ల కాపురంలో నా కోసం ఒక్కసారి డాక్టరు దగ్గరికి వెళ్లి ఎరగడు. ఆ అవసరమే నేను రానివ్వలేదు. ఇప్పుడు వచ్చి ఏం ఉద్ధరించాడు? నన్నూ వెంట తీసుకెళ్తే పోయేదిగా!”

డాక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. డ్యూటీ అయిపోయి గంట దాటింది.

“పొద్దున మీరు చెయ్యి తిమ్మిరన్నారు. నేను వినిపించుకోలేదు” అంది.

“నా చెయ్యే కదా. నేను మాత్రం విన్నానా?” అంది పెద్దావిడ కళ్లు తుడుచుకోకుండానే.

మూడో రోజు ఉదయం చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి డాక్టరమ్మే ఆవిణ్ని మార్చురీకి తీసుకెళ్లింది. ఆ గది చల్లగా ఉంది. అక్కడి అతను ఇద్దరికీ దుప్పట్లిచ్చి బయట నిలబడ్డాడు. ఇద్దరూ కలిసి వైర్‌లెస్ గారికి చొక్కా తొడిగారు. గుండీలు ఒంటి చేత్తో పడటం లేదు. పెద్దావిడ ఎడం చేత్తో గుండీ పట్టుకుంటే, డాక్టరమ్మ కాజా పట్టుకుంది. కింద నుంచి పైకి, ఒక్కొక్కటే పెట్టుకుంటూ వచ్చారు. మధ్యలో ఒకసారి పెద్దావిడ ఆగి ఆయన ఛాతీ మీద చెయ్యి ఆనించింది. డాక్టరమ్మ తొందరపెట్టలేదు.

మెడ దగ్గర ఆఖరి గుండీ మిగిలింది.

“అది వదిలెయ్యమ్మా,” అంది పెద్దావిడ. “బిగుతుగా ఉంటే ఆయనకి ఊపిరాడదు.”

డాక్టరమ్మ కాజా వదిలేసి, కాలరు కాస్త వదులు చేసింది.